సారీ ఎప్పుడు, ఎక్స్‌క్యూజ్ మీ ఎప్పుడు

ఇంగ్లిష్‌లో ఎక్స్‌క్యూజ్ మీకి, సారీకి ఉన్న తేడా చాలావరకు ముందు వెనకల తేడా. ఎదుటివాళ్లకు ఇబ్బంది కలగబోతోందనగా అనేది ఎక్స్‌క్యూజ్ మీ. కలిగాక చెప్పేది సారీ. కిక్కిరిసిన బస్సులో దిగే తలుపు దాకా వెళ్లాలంటే ముందు ఎక్స్‌క్యూజ్ మీ అంటూ దారి అడగాలి. వెళ్తూ వెళ్తూ ఎవరి కాలైనా తొక్కితే అప్పుడు సారీ. తొక్కేశాక కూడా ఎక్స్‌క్యూజ్ మీ అంటే, పొరపాటు ఒప్పుకున్నట్టు కాక ఇంకా పక్కకు జరగమన్నట్టు వినిపించవచ్చు. బ్రిటన్‌లో మాత్రం ఈ గీత బాగా చెరిగిపోయింది. అక్కడ దారి అడగడానికీ సారీయే, తొక్కినందుకూ సారీయే, తొక్కించుకున్నవాళ్లు అనేదీ చాలాసార్లు సారీయే. ఇంగ్లండ్ మనుషుల అలవాట్ల మీద 2004లో 'వాచింగ్ ది ఇంగ్లిష్' అనే పుస్తకం రాసిన కేట్ ఫాక్స్ దీన్ని పరీక్షించడానికి జనసమ్మర్దంలో కావాలనే మనుషులకు తగులుతూ నడిచారు. తగిలింది ఆవిడైనా ఎక్కువమంది తామే సారీ చెప్పారు.

అదే బస్సు తెలుగునాట అయితే "కొంచెం జరగండి", "కాస్త దారివ్వు బాబూ" అంటే చాలు. కాలు తగిలితే నోటితో ఏమీ అనకపోయినా, వంగి ఆ మనిషిని తాకి, ఆ చేతిని కళ్లకద్దుకుంటారు. క్షమాపణ మొత్తం ఆ కదలికలో ఉంది. ఇంగ్లిష్‌లో అలాంటి కదలిక లేదు. అక్కడ పైకి అన్న మాటే లెక్కలోకి వస్తుంది, అననిది లేనట్టే. ఇంగ్లిష్ బాగా వచ్చిన తెలుగువాళ్లు సైతం పరాయి దేశంలో ఒక్కోసారి పెళుసుగా మాట్లాడుతున్నట్టు అనిపించడానికి కారణం ఇదే. తెలుగులో మర్యాద పిలిచే వరసలో ఉంటుంది, క్రియ చివర "అండి"లో ఉంటుంది, చేతుల్లో ఉంటుంది. ఇంగ్లిష్‌లోకి దిగేసరికి అవి మూడూ ఒడ్డునే ఉండిపోతాయి.

పలకరింపే చూస్తే, హైదరాబాద్‌లో "అన్నా, ఈ బస్సు కోఠి పోతదా?" అని అడుగుతారు. విశాఖలో "బాబూ, ఇది గాజువాక వెళ్తుందా?" అంటారు. అన్నా, బాబూ, అమ్మా, పెద్దాయనా అన్న పిలుపు ముక్కూ మొహం తెలియని మనిషిని ఒక్క క్షణం చుట్టాన్ని చేస్తుంది. చుట్టాన్ని ఓ మాట అడగడానికి అనుమతి అక్కర్లేదు. ఇంగ్లిష్‌లో అపరిచితుల్ని పిలవడానికి ఇంత చనువైన వరసలు లేవు. ఆ ఖాళీని పూడ్చేదే ఎక్స్‌క్యూజ్ మీ. మీ దారిన మీరు పోతుంటే ఆపుతున్నాను, ఆ సంగతి నాకు తెలుసు అని ముందుగా ఒప్పుకోవడమే దాని అర్థం. అందుకే "హలో, వేర్ ఈజ్ ప్లాట్‌ఫామ్ టూ?" అన్న ప్రశ్నలో వ్యాకరణం తప్పు లేకపోయినా గద్దింపు వినిపిస్తుంది. "ఎక్స్‌క్యూజ్ మీ, కుడ్ యూ టెల్ మీ వేర్ ప్లాట్‌ఫామ్ టూ ఈజ్?" అంటే ఎవరైనా ఆగి చెప్తారు. కుడ్ యూ టెల్ మీ అని మొదలుపెట్టాక ఈజ్ చివరికి పోతుందన్నది గుర్తుంచుకోవాలి. ఇక్కడ పొరపాటు చేసేవాళ్లు చాలామంది.

భాషల్లో మర్యాద ఎలా పనిచేస్తుందన్న దానిపై ఎక్కువమంది ఉదాహరించే పుస్తకం పెనెలొపీ బ్రౌన్, స్టీఫెన్ లెవిన్సన్ రాసినది. మొదట 1978లో ఒక సంకలనంలో పెద్ద వ్యాసంగా వచ్చి, 1987లో విడి పుస్తకమైంది. వాళ్లు ప్రధానంగా పోల్చి చూసిన మూడు భాషల్లో ఇంగ్లిష్ ఒకటి, మెక్సికోలోని త్సెల్తాల్ ఒకటి, మూడోది తెలుగుకు తోబుట్టువైన తమిళం. ప్రతి మనిషికీ కాపాడుకోవలసిన 'ముఖం' ఒకటి ఉంటుందని, మర్యాద మాటలన్నీ ఎదుటివాళ్ల ముఖానికి తగిలే దెబ్బను మెత్తబరచడానికేనని వాళ్ల వాదం. తెలుగు పాఠకులకు ఇది విడమరచి చెప్పనక్కర్లేదు. మొహమాటం అన్న మాటలోనే మొహం ఉంది. అప్పు తీర్చలేనివాడు మొహం చెల్లక తప్పించుకు తిరుగుతాడు. ఆ మొహాన్ని కాపాడే పని తెలుగు వరసలకూ చేతులకూ అప్పగిస్తే, ఇంగ్లిష్ గుప్పెడు మాటలకు అప్పగించింది. కాబట్టి ఆ మాటల బరువెంతో విడివిడిగా తూచి తెలుసుకోవాలి.

అన్నిటికన్నా ఎక్కువ చిక్కున్న మాట సారీ. పాత ఇంగ్లిష్‌లో నొప్పి అనే అర్థమున్న పదం నుంచి వచ్చింది. పుండును సోర్ అంటారే, దానికి ఇది దగ్గరి చుట్టం. అంటే "ఐ యామ్ సారీ" అన్నప్పుడు పుట్టుకతో ఉన్న అర్థం 'నాకు నొప్పిగా ఉంది' అనే తప్ప 'తప్పు నాది' అని కాదు. అందుకే ఎవరింట్లోనైనా మనిషి పోయారని తెలిస్తే "ఐ యామ్ సో సారీ ఫర్ యువర్ లాస్" అంటారు. విన్న తెలుగువాళ్లకు 'ఇందులో మీ తప్పేముంది' అనబుద్ధేస్తుంది. అక్కడ అలాంటి జవాబు పనికిరాదు, "థాంక్యూ" అంటే సరిపోతుంది. "ఐ యామ్ సారీ టు హియర్ దట్" కూడా ఇలాంటిదే. ఉద్యోగం పోయిందనో, ఒంట్లో బాగాలేదనో ఎవరైనా చెప్పినప్పుడు 'అయ్యో, పాపం' అనే చోట వాడే మాట అది.

ఒకే మాటలో బాధా, తప్పొప్పుకోలూ రెండూ ఇమిడి ఉండటం రెండు పెద్ద దేశాలకు ఒక గండం గట్టెక్కడానికి పనికొచ్చింది. 2001 ఏప్రిల్ 1న చైనాలోని హైనాన్ దీవి దగ్గర అమెరికా నిఘా విమానం, చైనా యుద్ధవిమానం ఢీకొన్నాయి. చైనా పైలట్ వాంగ్ వే చనిపోయాడు. అమెరికా విమానం హైనాన్‌లో దిగగా, అందులోని 24 మందిని చైనా అదుపులోకి తీసుకుంది. క్షమాపణ చెప్తేనే వదులుతామంది. తప్పు తమది కాదు, చెప్పేది లేదని అమెరికా అంది. పదకొండో రోజున అమెరికా రాయబారి ఇచ్చిన ఉత్తరంలో "వెరీ సారీ" అని రెండు చోట్ల ఉంది. పైలట్ కుటుంబానికి కలిగిన నష్టానికి ఒకసారి, నోటిమాట అనుమతి లేకుండా చైనా నేల మీద దిగినందుకు మరోసారి. అమెరికా దాన్ని సానుభూతి అంది. చైనా తన ప్రజలకు క్షమాపణకు దగ్గరగా ఉండే మాటతో అనువదించి చెప్పింది. 24 మందీ ఇంటికి వెళ్లారు.

"ఐ అపాలజైజ్" అన్నదానికి ఈ వెసులుబాటు లేదు. ఆక్స్‌ఫర్డ్ తత్వవేత్త జె.ఎల్. ఆస్టిన్ చెప్పినట్టు కొన్ని మాటలు సంగతిని చెప్పవు, పనినే చేస్తాయి. పందెం కాస్తున్నాను అంటే పందెం కాసినట్టే. అపాలజైజ్ కూడా ఆ జాతిదే. అనడమే క్షమాపణ అడగడం, తర్వాత నా ఉద్దేశం అది కాదని తప్పుకోవడం కుదరదు. ఈ మాట చరిత్ర చూస్తే మాత్రం ఆశ్చర్యం వేస్తుంది. గ్రీకులో అపొలోగియా అంటే తన తరఫున తాను చెప్పుకునే వాదన. క్రీస్తుపూర్వం 399లో ఏథెన్స్ న్యాయస్థానంలో సోక్రటీస్ చెప్పిన వాదనను ప్లేటో ఆ పేరుతోనే రాశాడు, అందులో సోక్రటీస్ ఎవర్నీ క్షమించమని అడగలేదు. తనను సమర్థించుకోవడం అన్న అర్థం ఇంగ్లిష్‌లోకి వచ్చాక తిరగబడి, తప్పు ఒప్పుకోవడం అయింది.

ఈ రెండింటికీ దూరంగా, అంటీముట్టనట్టు నిలబడే మాట రిగ్రెట్. రైల్వే స్టేషన్లో బండి ఆలస్యమైనప్పుడు మైకులో వచ్చే "ది ఇన్‌కన్వీనియన్స్ కాజ్డ్ ఈజ్ డీప్లీ రిగ్రెటెడ్" అన్న వాక్యాన్ని విడదీసి చూడాలి. అసౌకర్యం కలిగింది, ఎవరు కలిగించారో లేదు. విచారం వ్యక్తమైంది, ఎవరు విచారిస్తున్నారో లేదు. వాక్యంలో మనిషే కనబడడు. దాని తెలుగు రూపంలో "మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము" అనేసరికి క్రియ చివర 'ము' వచ్చి చేరి, చింతించేవాళ్లు ఉన్నారని తెలుస్తుంది. ఆ ఒక్క అక్షరంతో తెలుగు ప్రకటన ఇంగ్లిష్ కన్నా నిజాయితీగా తయారైంది.

రిగ్రెట్‌కూ సారీకీ మధ్య ఉన్న దూరం ఎంతో, ఎదురుచూసినవాళ్లకు తెలుసు. ఆస్ట్రేలియాలో ఆదివాసీ పిల్లల్ని తల్లుల దగ్గర నుంచి ప్రభుత్వమే బలవంతంగా తీసుకుపోయిన చరిత్ర ఉంది. ఆ సంగతుల మీద 1997లో నివేదిక వచ్చాక, 1999లో ప్రధాని జాన్ హోవర్డ్ పార్లమెంటులో తీర్మానం పెట్టి డీప్ అండ్ సిన్సియర్ రిగ్రెట్ అన్నారు, సారీ అనలేదు. ఆ రెండక్షరాల మాట కోసం ఆదివాసీలు ఇంకా ఎనిమిదేళ్లకు పైగా ఆగారు. 2008 ఫిబ్రవరి 13న కెవిన్ రడ్ ప్రధాని హోదాలో పార్లమెంటులో సారీ అన్నప్పుడు గ్యాలరీలో కూర్చున్న ముసలివాళ్లు కన్నీళ్లు పెట్టుకున్నారు. జలియన్‌వాలా బాగ్‌కు నూరేళ్లు నిండుతున్న వేళ, 2019 ఏప్రిల్ 10న, బ్రిటన్ ప్రధాని థెరిసా మే కామన్స్ సభలో డీప్లీ రిగ్రెట్ అన్నారు. ప్రతిపక్ష నాయకుడు జెరెమీ కోర్బిన్ లేచి పూర్తి క్షమాపణే కావాలని అడిగారు, అది రాలేదు. ఎక్కడ నిలబడి చెప్పారన్నది కూడా క్షమాపణలో భాగమే. 1914లో కొమగట మారు ఓడలో వచ్చిన 376 మందిలో చాలామందిని కెనడా దిగనివ్వకుండా వెనక్కి పంపింది. 2008లో ప్రధాని స్టీఫెన్ హార్పర్ ఒక పార్కులో జరిగిన సభలో క్షమాపణ చెప్తే అక్కడి సిక్కులు చాలదన్నారు. 2016 మే 18న జస్టిన్ ట్రూడో పార్లమెంటులోనే చెప్పారు.

తెలుగు పత్రికలు ఈ తేడాను చాలాకాలంగా శ్రద్ధగా పాటిస్తున్నాయి. "విచారం వ్యక్తం చేశారు" అంటే రిగ్రెట్, "క్షమాపణ చెప్పారు" అంటే అపాలజీ, "బేషరతుగా క్షమాపణ కోరారు" అంటే తరచూ కోర్టు వ్యవహారం. 1971 నాటి కోర్టు ధిక్కార చట్టం పన్నెండో సెక్షన్ ప్రకారం నిందితుడు కోర్టుకు తృప్తి కలిగేలా క్షమాపణ చెప్తే శిక్ష తప్పవచ్చు. మనస్ఫూర్తిగా చెప్పినది అయితే, దానికి షరతు ఉందన్న ఒక్క కారణంతో తోసిపుచ్చకూడదని కూడా అందులోనే ఉంది. ఇంకో దిక్కున, క్షమాపణ చెప్తే నేరం ఒప్పుకున్నట్టవుతుందన్న భయంతో డాక్టర్లూ డ్రైవర్లూ నోరు మెదపకపోవడం పాశ్చాత్య దేశాల్లో పెద్ద సమస్య అయింది. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం 1986లో, ప్రమాదం జరిగినప్పుడు చెప్పిన సానుభూతి మాటల్ని బాధ్యతకు సాక్ష్యంగా వాడకూడదని చట్టం చేసింది. ఇంగ్లండ్, వేల్స్‌లకు వర్తించే 2006 నాటి పరిహార చట్టం ఇంకా సూటిగా, క్షమాపణ చెప్పినంత మాత్రాన నిర్లక్ష్యాన్ని ఒప్పుకున్నట్టు కాదంది. మనిషి నోటికి సహజంగా వచ్చే మాటకు చట్టం అడ్డు తీయవలసి వచ్చిందంటే ఆ మాట విలువ అర్థమవుతుంది.

రోజువారీ వాడుకకు వస్తే, సారీ తర్వాత ఏ మాట వస్తుందన్నదే ముఖ్యం. చేయబోయే పనికి టు, చేసిన పనికి ఫర్, ఏదైనా విషయానికి అబౌట్. తలుపు తట్టి లోపలికి వస్తూ "సారీ టు డిస్టర్బ్ యూ". ఆలస్యంగా వచ్చి కూర్చుంటూ "సారీ ఫర్ కీపింగ్ యూ వెయిటింగ్". నిన్న జరిగిన గొడవ గురించి "సారీ అబౌట్ యెస్టర్‌డే". అపాలజైజ్ వాడితే మనిషికి టు, తప్పుకు ఫర్ రెండూ పెట్టాలి. "ఐ అపాలజైజ్ యూ" అనడం తెలుగు నుంచి ఇంగ్లిష్‌కు వెళ్లేటప్పుడు జరిగే మామూలు తప్పు, "ఐ అపాలజైజ్ టు యూ ఫర్ ది మిస్టేక్" సరైనది. బరువు పెంచాలంటే "ఐ యామ్ సారీ", "ఐ యామ్ సో సారీ", "ఐ యామ్ రియల్లీ సారీ" అంటూ మెట్లెక్కాలి. ఉత్తరాల్లో "ప్లీజ్ యాక్సెప్ట్ మై సిన్సియర్ అపాలజీస్" ఉంటుంది. గ్లాసు కింద పడేసినవాళ్లు ఇది అంటే మరీ ఎక్కువ, బిల్లు రెండుసార్లు వసూలు చేసిన సంస్థ "ఊప్స్, సారీ" అంటే మరీ తక్కువ. అమెరికాలో కుర్రకారు "మై బ్యాడ్" అంటారు. అది ఆటల మైదానం మాట, ఆఫీసులో పైవాళ్లతో వాడకపోవడం మేలు.

మాట కన్నా దాని వెనక వచ్చే వాక్యం క్షమాపణను నిలబెడుతుంది లేదా కూలుస్తుంది. "ఐ యామ్ సారీ. ఐ షుడ్ హావ్ కాల్డ్ యూ. ఇట్ వోంట్ హాపెన్ అగైన్" అన్నదాంట్లో మూడు వాక్యాలే ఉన్నా, బాధ ఉంది, చేయాల్సి ఉండి చేయనిది ఏమిటో ఉంది, ఇకమీద ఏం చేస్తారో ఉంది. "ఐ యామ్ సారీ ఇఫ్ యూ వర్ హర్ట్" అన్నదాంట్లో ఒక ఇఫ్ దూరి, బాధపడ్డారో లేదో అన్న అనుమానాన్ని ఎదుటివాళ్ల మీదే పెట్టింది. "ఐ యామ్ సారీ యూ ఫీల్ దట్ వే" ఇంకా ఘోరం. తప్పు చేసినవాళ్లది కాదు, నొచ్చుకున్నవాళ్లదే అన్నట్టు ఉంటుంది. "మిస్టేక్స్ వర్ మేడ్" అన్నది రాజకీయ నాయకుల నోట తరచూ వినబడే మాట. 1987 జనవరిలో అమెరికా అధ్యక్షుడు రొనాల్డ్ రీగన్ ఇరాన్‌తో నడిపిన వ్యవహారం గురించి తన వార్షిక ప్రసంగంలో వాడింది దీన్నే. తప్పులు జరిగాయి అంటే వాన కురిసింది అన్నట్టే, కర్త ఉండడు. తెలుగులో "తప్పయింది" అన్నా కర్త లేదు కదా అనవచ్చు. కానీ "నా వల్ల తప్పయిపోయింది, మన్నించండి" అనే వాడుకలో తప్పు తనదేనన్న మాట ముందే వచ్చేసింది. మన్నించడానికి గౌరవించడమన్న అర్థం కూడా ఉంది. తప్పు చేసినవాళ్లను క్షమించడమంటే వాళ్ల మన్నన వాళ్లకు తిరిగి ఇవ్వడమేనని ఈ మాటలో ఎంత చక్కగా కుదిరిందో.

సారీకి జవాబు చెప్పడం కూడా నేర్చుకోవాలి. "దట్స్ ఆల్ రైట్", "ఇట్స్ ఓకే", "డోంట్ వర్రీ అబౌట్ ఇట్", "నో హార్మ్ డన్" ఇవన్నీ 'పర్లేదు' అనే. ఏమీ అనకుండా తలూపితే, తెలుగునాట అర్థమవుతుంది, ఇంగ్లిష్ మాట్లాడేవాళ్లు మాత్రం ఇంకా కోపం పోలేదనుకుంటారు.

ఎక్స్‌క్యూజ్ సంగతి వేరు. లాటిన్‌లో ఎక్స్ అంటే బయటికి, కౌజా అంటే అభియోగం. అభియోగం నుంచి బయటపడేయడం దీని మొదటి అర్థం. ఆస్టిన్ 1956లో కేవలం ఇలాంటి సంజాయిషీల మీదే 'ఎ ప్లీ ఫర్ ఎక్స్‌క్యూజెస్' అని ప్రసంగవ్యాసం రాశాడు. అందులోని తేడా చాలా ఉపయోగపడేది. చేశాను, కానీ అది తప్పు కాదు అంటే సమర్థన. అది తప్పే, కానీ పూర్తిగా నా చేతిలో లేదు అంటే ఎక్స్‌క్యూజ్. తెలుగులో మొదటిది బుకాయింపు కావచ్చు, రెండోది సంజాయిషీ. సంజాయిషీలో నిజం లేకపోతే అది సాకు. ఇంగ్లిష్‌లో సంజాయిషీకీ సాకుకీ ఎక్స్‌క్యూజ్ అన్న ఒకే మాట. అందువల్ల "దిస్ ఈజ్ మై ఎక్స్‌క్యూజ్" అని ఎవరూ తమ కారణాన్ని చెప్పుకోరు, "రీజన్" అంటారు. ఉచ్చారణలో ఇంకో మెలిక ఉంది. క్షమించు అనే క్రియకు చివర జకారంలాంటి ధ్వని వస్తుంది, సాకు అనే నామవాచకానికి సకారం. ఎక్స్‌క్యూజ్ మీ అంటాం, పిల్లవాడు చెప్పింది మాత్రం ఎక్స్‌క్యూస్.

తెలుగు పిల్లలు ఇంగ్లిష్‌లో నేర్చుకునే మొదటి సంజాయిషీ సెలవు చీటీ. "యాజ్ ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్, ఐ యామ్ అనేబుల్ టు అటెండ్ ది స్కూల్. కైండ్లీ గ్రాంట్ మీ లీవ్ ఫర్ టూ డేస్. థాంకింగ్ యూ, యువర్స్ ఒబీడియంట్లీ." తరాల తరబడి పిల్లలు, జ్వరం వచ్చినా రాకపోయినా, ఇదే రాశారు. దీన్ని దగ్గరగా చూస్తే కారణం ముందు, కోరిక తర్వాత, ఇంకా చేయని మేలుకు కృతజ్ఞత చివర. సారీ ఎక్కడా లేదు. ఇది అర్జీ నమూనా, దొరల కచేరీల కాలపు ఇంగ్లిష్. ఆ చీటీ రాసిన చెయ్యే పెద్దయ్యాక ఆఫీసు మెయిల్ రాస్తుంది కాబట్టి, భారతీయుల మెయిళ్లలో కైండ్లీ, థాంకింగ్ యూ ఇంకా కనబడుతుంటాయి. అవి తప్పులు కావు, పాతబడ్డాయి. ఇప్పుడు అదే సంగతి "ఐ యామ్ నాట్ వెల్ అండ్ వోంట్ బీ ఏబుల్ టు కమ్ ఇన్ టుడే. సారీ ఫర్ ది షార్ట్ నోటీస్" అని రెండు వాక్యాల్లో అయిపోతుంది. జ్వరానికి సారీ చెప్పనక్కర్లేదు, ముందుగా చెప్పలేకపోయినందుకు చెప్పాలి.

రాలేనని చెప్పేటప్పుడు ఇంగ్లిష్‌లో "నో" ఒంటరిగా రాదు. "ఐ వుడ్ లవ్ టు, బట్ ఐ హావ్ టు వర్క్ దట్ డే" అంటే మనసు ఉందని ముందు, వీల్లేదని తర్వాత. "ఐ యామ్ అఫ్రైడ్ ఐ కాంట్ మేక్ ఇట్" అన్నదాంట్లో భయమేమీ లేదు. 'మరేం అనుకోకండి, కుదరదు' అన్నదానికి సరిగ్గా సరిపోయే మాట అది. ఏమీ అనుకోకండి అన్నదాన్ని ఉన్నదున్నట్టు "ప్లీజ్ డోంట్ మైండ్" అని ఇంగ్లిష్‌లోకి మార్చడం మన దగ్గర బాగా అలవాటు. మన మధ్య అది చక్కగా నడుస్తుంది. బయటివాళ్లకు మాత్రం ఏం అనుకోవద్దంటున్నారో బోధపడదు. "ఐ హోప్ యూ డోంట్ మైండ్ మై ఆస్కింగ్" అంటే ఆ మొహమాటం పూర్తిగా వ్యక్తమవుతుంది. "వుడ్ యూ మైండ్ ఓపెనింగ్ ది విండో?" అని అడిగితే జవాబులో జాగ్రత్త కావాలి. మీకు అభ్యంతరమా అన్నది ప్రశ్న కాబట్టి, తీస్తానని చెప్పాలంటే "నాట్ ఎటాల్" అనాలి. "యెస్" అంటే అభ్యంతరమని.

పార్డన్ గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. ఫ్రెంచ్ నుంచి వచ్చింది, పూర్తిగా ఇచ్చేయడం దాని మూలార్థం. వినబడనప్పుడు "పార్డన్?" అనడం మన బడుల్లో నేర్పిన మర్యాద. 1950లలో ఇంగ్లండ్‌లో అలన్ రాస్, నాన్సీ మిట్‌ఫర్డ్ పై తరగతివాళ్ల మాటల్నీ మిగతావాళ్ల మాటల్నీ వేరుచేసి చూపినప్పుడు పార్డన్‌ను పై తరగతి వాడని మాటల్లో చేర్చారు. సామాన్యులకు ఆ పట్టింపు అక్కర్లేదు. "సారీ?" అని గొంతు పైకి లేపితే ఎక్కడైనా మళ్లీ చెప్పమనే అర్థం. అమెరికాలో అదే పనికి "ఎక్స్‌క్యూజ్ మీ?" వాడతారు. గట్టిగా నొక్కి పలికితే మాత్రం 'ఏమన్నావ్?' అని తిరగబడ్డట్టు వినిపిస్తుంది.

ఇక కృతజ్ఞత చెప్పే మాటకు వస్తే, థాంక్ అన్నదానికి థింక్ తోబుట్టువు. ఒకరు చేసిన మేలు తలపులో ఉండటం నుంచే థాంక్స్ పుట్టింది. సంస్కృతంలో కృతజ్ఞుడు అంటే చేసినదాన్ని ఎరిగినవాడు. ఎక్కడి ఇంగ్లిష్, ఎక్కడి సంస్కృతం, రెండూ కృతజ్ఞతను మనసులోనే వెతికాయి. "ఐ యామ్ మచ్ ఆబ్లైజ్డ్" అన్నది ఇంకో దారి, 'మీకు రుణపడి ఉంటాను' అన్నట్టు అప్పుగా లెక్క కట్టడం.

థాంక్స్ దగ్గరే రెండు అలవాట్లు గట్టిగా ఢీకొంటాయి. తెలుగిళ్లలో అమ్మ అన్నం వడ్డిస్తే థాంక్స్ చెప్పరు. చెప్తే అమ్మ నొచ్చుకుంటుంది, పరాయిదాన్ని చేశావా అంటుంది. కృతజ్ఞత లేక కాదు, దగ్గరివాళ్ల మధ్య ఉన్నది లెక్క చెప్పుకునే బంధం కాదు కనుక. పెద్దవాళ్లయితే తిన్నాక "అన్నదాతా సుఖీభవ" అంటారు. సాయం అందుకున్న ముసలమ్మ "చల్లగా ఉండు నాయనా" అంటుంది. కృతజ్ఞత ఆశీర్వాదంగా బయటికొస్తుంది. ఇంగ్లిష్ ఇళ్లలో భార్యాభర్తలు, తల్లీపిల్లలు ఉప్పు అందించినందుకూ "థాంక్యూ" అంటారు, బస్సు దిగుతూ డ్రైవరుకూ అంటారు. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో పెరిగిన మనవడు ఫోన్లో "థాంక్యూ అమ్మమ్మా" అంటే అది దూరం కాదు, వాడికి తెలిసిన ప్రేమే. అలాగే అమ్మమ్మ వాడికి థాంక్స్ చెప్పకపోతే ఆవిడకు తెలిసిన ప్రేమ అది. ఇది ఇరువైపులా తెలిసి ఉంటే ఎన్నో చిన్న చిన్న నొప్పులు తప్పుతాయి.

తెలుగు ఈ మాటల్ని ఊరికే అరువు తెచ్చుకోలేదు. "థాంక్సండీ", "సారీ రా", "థాంక్స్ అక్కా" అని తన వరసల్ని వాటికి అతికించుకుంది. ఇంగ్లిష్ మాటలో లేని పెద్దా చిన్నా తేడా తిరిగి వచ్చి కూర్చుంది.

ఇంగ్లిష్‌లో మాట్లాడేటప్పుడు థాంక్స్ వెనక ఫర్ పెట్టి ఎందుకో చెప్పడం మంచిది. "థాంక్యూ ఫర్ కమింగ్", "థాంక్స్ ఫర్ యువర్ హెల్ప్ విత్ ది ఫామ్స్". థాంక్యూ ఒక మాట, థాంక్స్ ఒక మాట, "థాంక్స్ యూ" అనేది లేదు. "థాంక్స్ ఎ లాట్" దీర్ఘం తీసి పలికితే ఎత్తిపొడుపవుతుంది కాబట్టి "థాంక్యూ సో మచ్" క్షేమం. బ్రిటన్ కొట్లలో "చీర్స్", "టా" అన్నా థాంక్సే. పని చేయకముందే "థాంక్స్ ఇన్ అడ్వాన్స్" అంటే కాదనే వీలు తీసేసినట్టు కొందరికి తోస్తుంది, "ఐ వుడ్ బీ గ్రేట్‌ఫుల్ ఇఫ్ యూ కుడ్" అంటే ఆ వీలు ఉంచినట్టు. జవాబుగా "యు ఆర్ వెల్కమ్" ఎక్కడైనా చెల్లుతుంది. "నాట్ ఎటాల్", "మై ప్లెజర్" కొంచెం పాతకాలపు నిండుతనం ఉన్నవి. "నో ప్రాబ్లమ్", "నో వర్రీస్" కుర్రవాళ్లవి. "డోంట్ మెన్షన్ ఇట్" మన దేశానికి వచ్చి "మెన్షన్ నాట్" అయింది. అది ఇక్కడి వాడుకలో స్థిరపడిన మాట, విమానం ఎక్కించకపోతే ఇబ్బంది లేదు.

ఎవరింట్లోనైనా భోజనానికి పిలిచినప్పుడు ఇవన్నీ ఒక్కచోట పనికొస్తాయి. ఇంకొంచెం వడ్డించనా అని అడిగితే, కావాలంటే "యెస్, ప్లీజ్", వద్దంటే "నో, థాంక్యూ". తెలుగింట్లో మొదటి వద్దును ఎవరూ నమ్మరు, మళ్లీ అడుగుతారు, మళ్లీ వడ్డిస్తారు. ఇంగ్లిష్ ఇంట్లో ఒక్కసారి నో థాంక్యూ అంటే గిన్నె వెనక్కి వెళ్లిపోతుంది, ఆకలిగా ఉంటే మొదటిసారే యెస్ అనాలి. మధ్యలో లేవాల్సి వస్తే "ఎక్స్‌క్యూజ్ మీ ఫర్ ఎ మినిట్". తుమ్ము వస్తే తుమ్మినవాళ్లు "ఎక్స్‌క్యూజ్ మీ" అంటారు, పక్కవాళ్లు మన "చిరంజీవ"లా "బ్లెస్ యూ" అంటారు, దానికి "థాంక్యూ" చెప్పాలి. మర్నాడు పొద్దున్న ఫోన్లో రెండు ముక్కలు పంపడం రివాజు. ఊరికే థాంక్యూ అని పంపితే అందరికీ పంపేదే అవుతుంది. "థాంక్యూ ఫర్ లాస్ట్ నైట్. ది లెమన్ కేక్ వజ్ వండర్‌ఫుల్, అండ్ ఇట్ వజ్ లవ్లీ టు మీట్ యువర్ మదర్" అని తిన్న వంటనూ, కలిసిన మనిషినీ పేరు పెట్టి తలుచుకుంటే, అది ఆ ఇంటికే రాసిన ఉత్తరమవుతుంది.